గార్డు తీసేసిన మిషన్లు: ఇంటి వడ్రంగంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డాబా మీదో, కారు షెడ్డులోనో సొంతంగా చెక్కపని చేసుకునేవాళ్లు పంపిన ప్రశ్నల్లో కరెంటు మిషన్ల ప్రమాదాలకు చెందినవాటిని ఈసారి ఒక్కచోట చేర్చాం. దెబ్బ ఎలా తగులుతుందో అర్థమైతే చెయ్యి ఎక్కడ ఉండకూడదో దానంతట అదే తెలుస్తుంది. అందుకే ఒకటి రెండు జవాబులు పెద్దవయ్యాయి.

ప్రశ్న: మార్బుల్ కట్టర్‌కు చెక్క కోసే బ్లేడు వేసి, ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి టేబుల్ రంపంలా వాడుతున్నాను. వీడియోలు చూసి చేసుకున్నదే. మొన్న టేకు బద్దను నిలువునా చీలుస్తుంటే, సగం దాటాక అది ఒక్కసారిగా వెనక్కి వచ్చి పొట్టలో గుద్దింది. నా చెయ్యి బ్లేడుకు రెండంగుళాల దూరంలో ఆగింది. పొరపాటు ఎక్కడ జరిగింది?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పొరపాటు మీ చేతిలో కాదు, ఆ బల్లలోనే ఉంది. ముందు బ్లేడు ఏం చేస్తుందో చూడండి. బల్ల పైకి వచ్చిన బ్లేడులో మీ వైపున్న పళ్లు కిందికి దిగుతాయి. అవి చెక్కను బల్లకు అదుముతాయి కాబట్టి కోత నెమ్మదిగా సాగుతుంది. అవతలి వైపు పళ్లు మాత్రం కింది నుంచి పైకి లేస్తాయి. కోసిన చెక్క ఏ కారణంగానైనా పక్కకు జరిగి ఆ వెనక పళ్లకు తగిలిందా, అవి దాన్ని పైకెత్తి మీ మీదికే విసురుతాయి. 110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 12,000 సార్లు తిరిగితే పంటి మొన వేగం సెకనుకు 69 మీటర్లు, అంటే గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. ఆ వేగం ముందు మనిషి రెప్ప వేయడం కూడా ఆలస్యమే. పైగా చెక్క ఎగిరిపోగానే, దాన్ని తోస్తున్న చెయ్యి ఆ ఊపుకే ముందుకు, బ్లేడు మీదికి పడుతుంది. వేళ్లు పోయే ప్రమాదాల్లో చాలావాటి వరస ఇదే.

మరి చెక్క పక్కకు ఎందుకు జరిగింది? టేకులో, ముఖ్యంగా సరిగ్గా ఆరని లేత టేకులో, లోపల బిగువు ఉంటుంది. నిలువునా చీల్చేసరికి ఆ బిగువు సడలి రెండు బద్దలూ దగ్గరికి ముడుచుకుని బ్లేడును నొక్కుతాయి. అసలైన టేబుల్ రంపంలో దీనికోసమే బ్లేడు వెనకాల రైవింగ్ నైఫ్ అనే ఉక్కు రేకు ఉంటుంది. అది బ్లేడు రేకు కంటే కాస్త మందంగా, కోత గాడి కంటే కాస్త పలచగా ఉండి గాడిని మూసుకోనివ్వదు. వెనకటికి దుంగలు కోసే రంపపువాళ్లు కోతలో చెక్క చీలిక దిగ్గొట్టి పెట్టింది కూడా ఇందుకే. మార్బుల్ కట్టర్‌కు ఈ రేకు లేదు, బిగించే చోటూ లేదు. రాయి ముడుచుకోదు కదా, తయారుచేసినవాళ్లకు దాని అవసరం రాలేదు.

రెండో కారణం మీ గైడ్ బద్ద, అంటే చెక్కను ఆనించి తోసే పట్టీ. క్లాంపులతో బిగించే గైడ్ వెనక కొస బ్లేడు వైపు ఒక్క మిల్లీమీటరు ఒరిగినా చెక్కను నేరుగా వెనక పళ్లలోకి నెడుతుంది. బ్లేడు మీద ఒక పంటికి గుర్తు పెట్టి, దాన్ని ముందుకు తిప్పి ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి గైడ్‌కు దూరం కొలవాలి. రెండూ సమానంగా ఉండాలి. వెనక అర మిల్లీమీటరు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు.

మూడోది అన్నిటికంటే భయపెట్టేది. ఆ కట్టర్ స్విచ్చిని లాక్ చేసో, టేపు చుట్టో ఆన్‌లో ఉంచి గోడ ప్లగ్గు దగ్గర ఆన్ ఆఫ్ చేస్తుంటారు. మధ్యలో కరెంటు పోతుంది. మీరు బ్లేడు దగ్గర ఇరుక్కున్న పేడు తీస్తుంటారు. అప్పుడే కరెంటు వస్తుంది. అసలైన టేబుల్ రంపాలకు కరెంటు పోతే తనే ఆఫ్‌లోకి పడిపోయి, మళ్లీ ఆకుపచ్చ బటన్ నొక్కితేనే తిరిగే స్విచ్చి ఉంటుంది. కొనేటప్పుడు నో-వోల్ట్ స్విచ్చి అని అడగండి.

మా సలహా: ఆ బల్ల విప్పేయండి. మార్పులు చేసి నెట్టుకురావచ్చని మేం చెప్పం. అదే డబ్బుకు దగ్గరలో 7 అంగుళాల చేతి సర్క్యులర్ రంపం వస్తుంది. దానికి స్ప్రింగుతో మూసుకునే కింది గార్డు ఉంటుంది. చెక్కను బల్లకు బిగించి, పైన తిన్నటి అల్యూమినియం పట్టీ క్లాంపు చేసి, దాని వెంట రంపం నడపండి. బ్లేడు చెక్క అడుగు దాటి 5, 6 మిల్లీమీటర్లే దిగాలి. చెక్కను రెండు కొసల్లో మాత్రమే ఆనించి నడుమ కోస్తే బరువుకు వంగి కోత మూసుకుంటుంది, రంపం వెనక్కి తంతుంది. కాబట్టి కోత గీతకు రెండు పక్కలా కింద ఆసరా ఇవ్వండి. అడ్డంగా తెగి పడే ముక్క చిన్నదైతే దాన్ని స్వేచ్ఛగా పడనివ్వండి. కింది గార్డుకు తీగ చుట్టి తెరిచి పెట్టడం కొందరికి అలవాటు. రంపం తొడ పక్కకు దించినప్పుడు ఇంకా తిరుగుతున్న బ్లేడుకు, తొడకు మధ్య ఉండేది ఆ గార్డు ఒక్కటే. సన్నటి బద్దలు చాలా కావాలంటే కలప డిపో పక్కన కోత మిల్లులో చీల్పించుకోవడం చవక, క్షేమం.

ప్రశ్న: పేళ్లు గుచ్చుకుంటాయని నేను తోలు గ్లవుజులు వేసుకునే డ్రిల్లు, రంపం వాడతాను. మా వారు అవి తీసెయ్యమంటారు. ఎవరిది సరి?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ వారిదే సరి. పేడు గుచ్చుకుంటే సూదితో తీసుకోవచ్చు. తిరిగే బిట్టు గ్లవుజు కొసను పట్టిందంటే చర్మం చీలి ఆగదు, బట్టతో పాటు వేలిని, మణికట్టును లోపలికి లాక్కుంటుంది. చెక్క మోసేటప్పుడు, బ్లేడు మార్చేటప్పుడు గ్లవుజులు వేసుకోండి. మార్చేటప్పుడు ప్లగ్గు పీకి ఉండాలి. మిషను ఆన్ చేసే ముందు గ్లవుజులు తీసెయ్యండి.

గ్లవుజులకు చెప్పిందే చున్నీకి, చీర కొంగుకు, మగవాళ్ల లుంగీకి, కండువాకు, మెడలోంచి వేలాడే గొలుసుకు, మణికట్టుకు కట్టుకున్న దారానికి, ఉంగరానికి వర్తిస్తుంది. జడను ముడి వేసి టోపీలోకి దోపండి. కాళ్లకు బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులతో ప్లైవుడ్ షీట్లెత్తడం చూస్తుంటాం, కాలి బొటనవేలి గోరు లేచిపోయేది అక్కడే.

ప్రశ్న: వేలు తెగి పడితే ఐసులో వేసి తీసుకెళ్లాలంటారు. మా ఇంట్లో పెద్దవాళ్లయితే ముందు కాఫీ పొడి అద్దాలంటారు. నిజంగా ఏం చెయ్యాలి? వరసగా చెప్పండి, గోడకు అంటించుకుంటాం.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అంటించుకోండి. ఆ క్షణంలో బుర్ర పనిచెయ్యదు, కాగితమే పనిచేస్తుంది.

ముందు మిషను ఆపి ప్లగ్గు పీకండి. గాయం మీద ఉతికిన గుడ్డ గానీ గాజు గుడ్డ గానీ మడతపెట్టి గట్టిగా అదమండి. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండాలి. రక్తం ఆగిందా లేదా అని మధ్యమధ్యలో ఎత్తి చూడొద్దు. పది నిమిషాల పాటు పట్టు సడలించకూడదు. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకొకటి వెయ్యండి. వేలి మొదట్లో దారం, రబ్బరు బ్యాండు బిగించి కట్టకండి. మిగిలిన నరాలు, రక్తనాళాలు నలిగిపోయి డాక్టరుకు అతికించడానికి ఏమీ మిగలదు. ముంజేయి లోతుగా తెగి, అదిమినా రక్తం చిమ్ముతూ ఉంటేనే గాయానికి నాలుగు వేళ్ల పైన, మోచేతి కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ పట్టీ బిగించండి. కట్టిన సమయం కాగితం మీద రాసి పంపండి. ఆ చేతికి ఉన్న ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసెయ్యండి.

ఇక తెగిన భాగం. మట్టి ఉంటే శుభ్రమైన నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ పైపైన కడగండి, రుద్దకండి. గాజు గుడ్డ తడిపి పిండి, ఆ చెమ్మగిల్లిన గుడ్డలో చుట్టండి. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గాలి చొరకుండా మూతి కట్టండి. ఇంకో కవరులోనో డబ్బాలోనో సగం ఐసు, సగం నీళ్లు పోసి మొదటి కవరును అందులో ఉంచండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. తగిలితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, అతికించినా పట్టదు. ఫ్రీజర్‌లో పెట్టడం, నీళ్లలో, స్పిరిట్‌లో, డెట్టాల్‌లో నానబెట్టడం కూడా అంతే చెరుపు. ఇలా చల్లగా ఉంచిన వేలికి 24 గంటల వరకు, చల్లబరచనిదానికి 12 గంటల లోపు అవకాశం ఉంటుందని చెబుతారు. ఎంత త్వరగా చేరితే అంత మేలు. అరచెయ్యో మణికట్టో తెగితే అందులో కండ ఉంటుంది కాబట్టి గడువు బాగా తక్కువ, చల్లబరచకపోతే 6 గంటల లెక్క.

చర్మం మీద వేలాడుతున్న వేలిని తెంపకండి. ఉన్నచోటే తిన్నగా ఆనించి వదులుగా కట్టు కట్టండి. చితికిపోయింది కదా అని ఏ ముక్కనూ పారెయ్యకండి, పనికొస్తుందో లేదో డాక్టరు చూసి చెబుతారు.

కాఫీ పొడి, పసుపు, సున్నం, పంచదార ఏవీ వద్దు. రక్తం ఆగినట్టు కనబడుతుంది గానీ, ఆపరేషన్‌కు ముందు ఆ పొడిని గాయంలోంచి గీకి తియ్యాల్సి వస్తుంది. మనిషికి మంచినీళ్లు కూడా తాగించొద్దు, మత్తు ఇవ్వాల్సి ఉంటుంది. 108కి ఫోన్ చేస్తూనే, చేతి మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్ ఏ ఆస్పత్రిలో ఉన్నారో కనుక్కుని ముందే కబురు చెప్పండి. ఈ నంబరు ప్రమాదం జరిగాక వెతికేది కాదు. ఈ రోజే కనుక్కుని ఆ కాగితం మీదే రాసుకోండి. ఒక మాట మనసులో పెట్టుకోండి: కత్తి గీత గీస్తుంది, రంపం రెండు మూడు మిల్లీమీటర్ల ఎముకను పొట్టు చేస్తుంది. అందుకే రంపపు గాయం అతకడం కష్టం.

ప్రశ్న: చిన్న ట్రిమ్మర్ రౌటర్‌తో అంచులు గుండ్రం చేస్తుంటే బిట్టు మెల్లగా కిందికి జారింది, చివరికి ఊడి గోడకు కొట్టుకుంది. నట్టు శక్తికొద్దీ బిగించాను. మిషను లోపమా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బిట్టు కాడ, దాన్ని పట్టి ఉంచే చీలికల గొట్టం (కాలెట్) సైజు కొలవండి. మన బజారులో 6 మిల్లీమీటర్ల కాడవీ, పావు అంగుళం కాడవీ రెండూ కలిసి దొరుకుతాయి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు. 6.35 కాలెట్‌లో 6 బిట్టు వేస్తే మీరు ఎంత బిగించినా అది నాలుగు వైపులా సమానంగా పట్టదు. ఇలాంటి సన్న తేడాలు కొలిచే చవక వర్నియర్ ఒకటి కొనుక్కోండి, చాలా పనులకు పనికొస్తుంది.

సైజు సరిపోయిందంటే అప్పుడు బిగించే తీరు చూద్దాం. కాడను అడుగు తగిలేదాకా నెట్టి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి, ఆ తర్వాత బిగించాలి. అడుగుకు ఆనించి బిగిస్తే నట్టు బిగిసేటప్పుడు కాలెట్ కిందికి జారడానికి చోటుండదు, చేతికి గట్టిగా అనిపిస్తుంది గానీ పట్టు రాదు. కాడలో కనీసం మూడొంతులు లోపల ఉండాలి. కాలెట్ చీలికల్లో పట్టిన పొట్టును, జిగురును పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. లోపల నల్లగా కమిలిన గీతలు పడితే కాలెట్ మార్చాల్సిందే.

నడిపే దిశ కూడా చెప్పాలి. పై నుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లులా తిరుగుతుంది. కాబట్టి పలక బయటి అంచు చుట్టూ రౌటర్‌ను అపసవ్యంగా, ఫొటో ఫ్రేము లోపలి అంచు అయితే సవ్యంగా నడపాలి. ఎదురు దిశలో పెడితే బిట్టు చక్రంలా అంచు వెంట పరుగెత్తి చేతిలోంచి మిషనును లాక్కుపోతుంది. ఒక్కసారే పూర్తి లోతు తియ్యకుండా మూడు మిల్లీమీటర్ల చొప్పున దింపండి.

ప్రశ్న: నాలుగంగుళాల గ్రైండర్‌కు రంపపు పళ్ల బ్లేడు వేసి చెక్క కోస్తున్నారు మా వీధిలో. చెక్కడానికి గొలుసు పళ్ల డిస్కు కూడా వస్తోంది. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: రెండూ కొనకండి. గ్రైండర్ గార్డు నిప్పురవ్వలు, పగిలిన రాయి ముక్కలు మీ వైపు రాకుండా ఆపడానికి చేసింది. పళ్ల బ్లేడుకు సగం మూత చాలదు. బ్లేడు లోతును ఆపే పాదం దానికి లేదు, చేతుల వణుకే దాని గైడు. పన్ను ఒక ముడిలో తగులుకుంటే చెక్క కదలదు, రెండు కిలోల లోపు బరువున్న గ్రైండరే ఎగురుతుంది. ఎగిరేది మొహం, మెడ, తొడ వైపే. చాలామంది పెద్ద బ్లేడు పట్టించడానికి గార్డు తీసేస్తారు కూడా. గొలుసు డిస్కు ఇంకా ప్రమాదం, తగిలినచోట మాంసాన్ని పీకుతుంది.

గ్రైండర్‌తో చెక్కకు మలుపు తీర్చాలంటే గరుకు కాగితం రేకులు అతికిన ఫ్లాప్ డిస్కు గానీ, పళ్లు లేకుండా గరుకు గింజలు అతికిన కార్బైడ్ చెక్కుడు డిస్కు గానీ వాడండి. పక్క పిడి బిగించి రెండు చేతులా పట్టుకోండి. ఏ డిస్కు అయినా దాని మీద రాసిన గరిష్ఠ వేగం మిషను వేగం కంటే తక్కువ కాకూడదు. నాలుగంగుళాల గ్రైండర్లు నిమిషానికి 11,000 చుట్లకు అటూ ఇటూ తిరుగుతాయి. ఇనుము కోసే సన్నటి చక్రాల నడిమి రింగు మీద నెల, ఏడాది అచ్చు వేసి ఉంటుంది, అది వాడకం గడువు. గడువు దాటినవి, కిందపడినవి పారెయ్యండి. చెక్కపొట్టు ఉన్న గదిలో అదే గ్రైండర్‌తో మేకులు కొయ్యకండి. పొట్టు కుప్పలో దూరిన రవ్వ గంటలపాటు పొగ కూడా రాకుండా రాజుకుని, మీరు తలుపు వేసుకుని వెళ్లాక అంటుకుంటుంది.

ప్రశ్న: మా కటింగ్ మిషను పట్టుకుంటే జివ్వుమంటోంది, ముఖ్యంగా కాళ్లు తడిగా ఉంటే. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వేడెక్కుతోంది. ఏది ముందు మార్చాలి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు వాడకం ఆపండి, ఈ పూటే. మిషను పేరు పలక మీద చదరంలో చదరం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నది, రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ అక్కర్లేదు. అలాంటిది జివ్వుమంటోందంటే లోపల అరిగిన కార్బన్ బ్రష్షుల పొడి, తడి పొట్టు కలిసి కరెంటుకు దారి వేశాయన్నమాట, లేదా తీగ ఎక్కడో ఒరుసుకుపోయింది. విప్పి శుభ్రం చేయించి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో పరీక్ష చేయించాకే తీసుకోండి. ఆ గుర్తు లేకుండా మూడు పిన్నులుంటే మిషను లోపల కరెంటు లీకవుతోందని, ఎర్త్ కూడా పనిచెయ్యడం లేదని అర్థం. ప్లగ్గులో మూడో పిన్ను ఉన్నంత మాత్రాన దాని వెనక తీగ ఉన్నట్టు కాదు.

ఎక్స్‌టెన్షన్ సంగతి లెక్క వేసుకుంటే తేలిపోతుంది. 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లే మొయ్యగలదు. మీ కట్టర్ 1,200 నుంచి 1,400 వాట్లు, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. బజారు బాక్సుల్లో వేసే సన్నటి తీగ దానికి చాలదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబుల్ వెయ్యండి. పెరట్లోకి 25 మీటర్లు లాగాలంటే 2.5 వెయ్యండి. చుట్టగా ఉంచి వాడకండి, వేడి పోయే దారి లేక పైపొర కరుగుతుంది. సన్నటి తీగలో వోల్టేజి పడిపోయి మిషను నీరసంగా తిరిగితే మనం తెలియకుండానే గట్టిగా తోస్తాం, బ్లేడు ఇరుక్కుంటుంది.

ఇంటి బోర్డులో, కరెంటు లీకైతే తనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎక్కువ కరెంటు లాగితే పడిపోయే మామూలు ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

ప్రశ్న: ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అతికించి చేసిన పలక) కోసినప్పుడల్లా రెండు రోజులు ముక్కు మూసుకుపోయి దగ్గు వస్తోంది. మొహానికి రుమాలు కట్టుకుంటున్నాను.
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రుమాలు కంటికి కనిపించే పొట్టునే ఆపుతుంది. ఊపిరితిత్తుల దాకా పోయేది కనపడని నుసి. మధ్యాహ్నం కిటికీలోంచి పడే ఎండ గీతలో తేలుతూ కనిపిస్తుందే, అలాంటిది. పని ఆపాక కూడా చాలాసేపు గాలిలోనే ఉంటుంది. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గుంపులో చేర్చింది. ముక్కు, దాని చుట్టూ ఉండే గదుల క్యాన్సర్ గురించి ఆ హెచ్చరిక. ఏళ్ల తరబడి దుమ్ములో పనిచేసేవాళ్లకు ముప్పు ఎక్కువ, నెలకోసారి చేసేవాళ్లకు తక్కువ. ఎండీఎఫ్‌లో నుసి మరీ సన్నం, పైగా నారను అతికించే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా అందులో ఉంటుంది. కళ్లు మండేది దానివల్లే.

ఎన్95 మాస్కు రెండు పట్టీలూ తల వెనక్కి వేసి, ముక్కు మీది తీగను నొక్కి పెట్టుకోండి. గుబురు గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. మిషను పొట్టు గొట్టానికి వాక్యూమ్ తగిలించండి, లేదంటే ఆరుబయట, గాలి మీ వీపు నుంచి వీచేలా నిలబడి కొయ్యండి. అయ్యాక పొడి చీపురుతో ఊడవొద్దు, కంప్రెసర్‌తో ఊదొద్దు. నీళ్లు చిలకరించి తడి గుడ్డతో ఎత్తండి. ఆ బట్టలతో చంటిపిల్లల్ని ఎత్తుకోకండి. టేకు, ఇరుగుడు దుమ్ము కొందరికి ఒంటి మీద దద్దుర్లు తెస్తుంది, అలాంటివాళ్లు పొడుగు చేతుల చొక్కా మణికట్టు దగ్గర బొత్తాలు పెట్టుకుని వేసుకోవాలి. రెండు రోజులు దాటి దగ్గు ఉంటే, పిల్లికూతలు వస్తుంటే ఛాతీ డాక్టరుకు చూపించండి. ఏ చెక్క కోశారో కూడా చెప్పండి.

ప్రశ్న: గ్రైండర్ వాడాక ఆ సాయంత్రమంతా చెవుల్లో గుయ్యిమంటుంది. దూది పెట్టుకుంటే చాలదా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చాలదు, దూది దాదాపు ఏమీ ఆపదు. 85 డెసిబెల్స్ మోత రోజుకు 8 గంటలు భరించదగ్గది అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతూ పోతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే. రంపాలు, ప్లానర్లు ఆ 100 చుట్టుపక్కలే అరుస్తాయి. ఫోమ్ ప్లగ్గును వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోండి. ఆ గుయ్యిమనే శబ్దం చెవి దెబ్బ తింటోందనడానికి గుర్తు. పోయిన వినికిడి తిరిగి రాదు.

ప్రశ్న: ఇక్కడ గరాజ్‌లో పాత టేబుల్ సా ఉంది, రైవింగ్ నైఫ్ లేదు. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు చేతి రంపంతో జీవితమంతా పని చేసినవారు, దీని మీద మనవడికి ఊయల చేస్తానంటున్నారు. వేలు తగిలితే ఆగిపోయే రంపం కొనడం మంచిదా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: కొనగలిగితే కొనండి. అమెరికాలో టేబుల్ సా బ్లేడు గాయాలతో ఏటా దాదాపు 30 వేల మంది ఎమర్జెన్సీకి వెళ్తున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనాలు చెబుతున్నాయి. మీరన్న పద్ధతిని స్టీవ్ గాస్ 1999లో కనిపెట్టారు, సాస్టాప్ పేరుతో 2004 నుంచి అమ్మకంలో ఉంది. బ్లేడులోకి చిన్న విద్యుత్ సంకేతం పంపుతారు. మన ఒంట్లో నీరు, ఉప్పు ఉంటాయి కాబట్టి వేలు తగలగానే ఆ సంకేతం పడిపోతుంది. వెంటనే అల్యూమినియం దిమ్మ ఒకటి పళ్లలోకి దూసుకొచ్చి 5 మిల్లీసెకన్లలోపు బ్లేడును ఆపేస్తుంది. వేలి మీద చిన్న గీటు మిగులుతుంది. దిమ్మ ఉన్న కార్ట్రిడ్జ్ మార్చాలి, మామూలుగా బ్లేడూ పోతుంది. పచ్చి చెక్క, మేకు తగిలినా అది పేలవచ్చు.

కానీ అది చెక్క వెనక్కి తన్నడాన్ని ఆపదు. దాన్ని ఆపేది రైవింగ్ నైఫే. కొత్త రంపం వచ్చినా ఆ రేకు తియ్యకూడదు.

నాన్నగారి విషయంలో ఒకటి గమనించండి. చేతి రంపం అలవాటున్నవారు ఎడమ చేత్తో చెక్కను గీత పక్కనే అదిమి పట్టి, గీత మీదికి వంగి చూస్తారు. ఆ పనిలో అదే నైపుణ్యం. టేబుల్ సా దగ్గర అదే చెయ్యి, అదే వంగుడు ప్రమాదం. కాబట్టి చెప్పాల్సింది భయం గురించి కాదు, నిలబడే చోటు గురించి. బ్లేడుకు సూటిగా వెనక కాకుండా ఎడమ పక్కకు నిలబడాలి. బ్లేడుకు జానెడు లోపల చెయ్యి రాకూడదు, ఆ తర్వాత చెక్కను తోసే కర్ర, పుష్ స్టిక్కే. దాన్ని గైడ్ పక్కనే వేలాడదీసి పెట్టండి, వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ వాడరు. బ్లేడు చెక్క మీద ఒక పన్ను ఎత్తు మించి కనబడకూడదు. అడుగు కంటే పొట్టి ముక్కను చీల్చకండి. అడ్డకోతకు బల్ల గాడిలో జరిగే మైటర్ గేజ్ ఒక్కటే వాడాలి, గైడ్‌నూ దాన్నీ కలిపి వాడితే తెగిన ముక్క బ్లేడుకూ గైడ్‌కూ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది. తెగిన ముక్కను బ్లేడు పూర్తిగా ఆగాకే తియ్యాలి. కొత్త రంపం వచ్చేదాకా ఊయల కోళ్లకు, పట్టెలకు కావలసిన చీలిక కోతలు కలప దుకాణంలో చేయించి, చిత్రిక, తొలుపు, బిగింపు పని నాన్నగారికి వదలండి. ఊయలలో కనబడే పనితనమంతా ఆ భాగమే.

ప్రశ్న: కూల్చిన ఇంటి ద్వారబంధాలు, దూలాలు కొన్నాను. మంచి పాత టేకు. ప్లానర్‌తో నునుపు చెయ్యాలంటే జాగ్రత్తలేమిటి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మేకులు. తల విరిగి లోపల ఉండిపోయినవి, సున్నం, రంగు పొరల కింద కనపడవు. ముందు తీగ బ్రష్షుతో రంగు గీకి, బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క మీద జరుపుకుంటూ పోండి. మేకు ఉన్నచోట దారం వాలుతుంది. నల్లటి మరక కనిపించినా అనుమానించండి, ఇనుముకు టేకు అలా నల్లబడుతుంది. ఇత్తడి మేకులను అయస్కాంతం పట్టదు, గడియలు, బందులు ఉన్నచోట కంటితోనే వెతకాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి గీకండి, గీకిన పొరలు కవరులో కట్టండి.

కళ్లద్దాలు మామూలు చూపు అద్దాలు కాకుండా, ఐఎస్ 5983 గానీ ఈఎన్ 166 గానీ ముద్ర ఉన్నవి పెట్టుకోండి. ప్లానర్ కింద డ్రమ్ము స్విచ్చి వదిలాక కూడా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆగిన చప్పుడు వినేదాకా బల్ల మీద పెట్టకండి. ముందు పిడి పట్టుకున్న చేతి వేళ్లు అడుగు పలక అంచు కిందికి వంగి ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. ఒక్కో విడతకు అర మిల్లీమీటరు చాలు.